వదిలేయాల్సిన వాటి పట్టిక

బుధవారం పుత్తూరు నుంచి ఫోను వచ్చినప్పుడు గిరిప్రసాద్ టీ గ్లాసు కడుగుతున్నాడు. తిరుపతిలో తిరుచానూరు రోడ్డు మీద ఒక స్టీలు సామాన్ల అంగడి పైన రెండు గదుల్లో ఉంది వాళ్ల సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఆరుగురు పనిచేస్తారు. ఎవరి గ్లాసు వాళ్లు కడుక్కోవాలని యజమాని రఘునాథ్ పెట్టిన నియమం. ఆయనా కడుక్కుంటాడు.

ఫోను చేసింది వరదమ్మ. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఏకాంబరం కూతురు. పది దినాల కిందట ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. ఇప్పుడామె అడిగింది చిన్న విషయం. మీ అమ్మాయి మా నాయన కట్టే కట్లన్నీ ఫొటోలు తీసింది కదా, అందులో చిన్నపిల్లల మోచేతి కట్టు ఒకసారి పంపించండి, వాకిట్లో ఒక తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది అంది.

రఘునాథ్ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "గిరీ, ఆ మోచేతి కట్టు రవంత తియ్యప్పా," అన్నాడు.

గిరిప్రసాద్ చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. ఆఫీసులో చేసే ప్రతి పనీ గిట్ అనే పద్ధతిలో భద్రమవుతుంది. ఎవరు ఏ రోజు ఏం చేర్చారో, ఏం మార్చారో తేదీతో సహా అందులో నిలిచి ఉంటుంది. కంప్యూటరు పాడైపోయినా పని పోదు. ఏకాంబరం గారికి చేసిపెడుతున్న పని తెరిచాడు. రోగుల వివరాలు రాసుకునే ప్రోగ్రాము ఉంది. నలభై రోజుల పాటు ప్రతి సాయంత్రం ఆరు దాటాక కృపామణి పేరుతో ఒక నమోదు ఉంది. ఒక్కో నమోదులో ఆ రోజు తీసిన ఫొటోల పేర్లు రాసిన చిన్న జాబితా ఉంది. మోచేయి, చిన్నబిడ్డ, ఒకటి. మోచేయి, చిన్నబిడ్డ, రెండు. అట్లా ఇరవై ఆరు రకాల కట్లు, మూడు వందల పన్నెండు పేర్లు. ఫొటోలు మాత్రం ఒక్కటీ లేవు.

రెండోసారి వెతికాడు. పేరుతో వెతికాడు, తేదీతో వెతికాడు. వెనక నుంచి రఘునాథ్ కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. గంటలో పంపిస్తామని వరదమ్మకు చెప్పి ఆయన ఫోను పెట్టేశాడు.

కృపామణిని పిలిచారు. కార్వేటినగరం పిల్ల. ఇంతకు ముందు పుత్తూరు బస్టాండు ఎదురుగా ఒక నెట్ సెంటరులో నాలుగేళ్లు పనిచేసింది. రోజూ ఉదయం ఆఫీసు ట్యాబు, ల్యాప్‌టాపు సంచిలో వేసుకుని ఏకాంబరం వాకిటికి పోయి, ఆయన కట్టే ప్రతి కట్టూ అడుగడుగునా ఫొటో తీసింది. సాయంత్రం ఆ ఫొటోలన్నీ ల్యాప్‌టాపులోకి ఎక్కించి, మరుసటి రోజుకు చోటు కావాలని ట్యాబు ఖాళీ చేసేది. ఆ ల్యాప్‌టాపును రెండు వారాల కిందట పూర్తిగా తుడిచి, కొత్తగా చేరిన కోమలికి ఇచ్చారు. ఇందులో ఏమైనా మిగిలి ఉందా అని ఆ రోజు కోమలి అడిగితే, అన్నీ ఎక్కాయి, తుడిచెయ్యి అన్నది గిరిప్రసాదే.

కృపామణి బల్ల పక్కన నిలబడింది. రఘునాథ్ కూర్చోమనలేదు.

"రోజూ ఎక్కించినాను సార్," అంది. "ట్యాబులో ఉండేవన్నీ ఈ పనిలోనే డౌన్‌లోడ్స్ అని ఫోల్డరు పెట్టి అందులో ఏసి, గిరి సార్ చెప్పిన మూడు లైన్లు కొట్టి, అయిందని వచ్చినాకనే ట్యాబు తుడిచినాను."

డౌన్‌లోడ్స్ అన్న మాట దగ్గర గిరిప్రసాద్ చెయ్యి ఆగింది.

గిట్‌లో భద్రపరచకూడనివీ కొన్ని ఉంటాయి. యంత్రం తనకు తాను తయారుచేసుకునే చెత్త, ఎప్పుడంటే అప్పుడు మళ్లీ తెచ్చుకోగలిగే సామాను. వాటి పేర్లు ఒక పట్టికలో రాసి పెడితే గిట్ వాటి జోలికి పోదు, ఉన్నాయని కూడా చెప్పదు. ప్రతి పనికీ ఆ పట్టిక చేత్తో రాయడం విసుగు. అందుకని గిరిప్రసాద్ మూడేళ్ల కిందట ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. పేరు జల్లెడ. నల్ల తెర మీద జల్లెడ అని కొట్టి, ఆ పనికి వాడే భాషల పేర్లు పక్కన ఇస్తే క్షణంలో పట్టిక తయారవుతుంది. ఇంటర్నెట్టులో పెడితే ఎక్కడెక్కడి వాళ్లో తీసుకుని వాడుతున్నారు. చిత్తూరులో ఒక కాలేజీ వాళ్లు దాన్ని చూసే ఈ ఆఫీసుకు పని ఇచ్చారు. గిరిప్రసాద్ తన గురించి గొప్పగా చెప్పుకునే మనిషి కాడు. కానీ ఎవరైనా జల్లెడ పేరెత్తితే మెడ వెనక రుద్దుకుంటాడు.

ఇప్పుడు ఆ పట్టిక తెరిచాడు. పద్నాలుగో వరస. డౌన్‌లోడ్స్. ప్రోగ్రాములు రాసేవాళ్లకు అది చెత్త దాచే చోటు. నెట్ సెంటరులో నాలుగేళ్లు పనిచేసిన పిల్లకు అది జనం ఫోన్లలోంచి వచ్చిన ఆధార్ కార్డులు, పెళ్లి ఫొటోలు, పరీక్ష హాల్ టికెట్లు అన్నీ భద్రంగా ఉండే చోటు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. మొదట రాసినప్పుడు జల్లెడ పట్టిక ఇచ్చే ముందు ఒక్క మాట అడిగేది. ఈ ఫోల్డరు ఇప్పటికే మీ దగ్గర ఉంది, ఇందులో ఇన్ని ఫైళ్లున్నాయి, దీన్ని వదిలేయమంటారా అని. తెర నిండిపోతోంది, అడ్డం వస్తోంది అని వాడేవాళ్లు ఇద్దరు ముగ్గురు రాస్తే ఆ ప్రశ్న అడిగే వరసను ప్రోగ్రాములోంచి తీసేశాడు. కృపామణి రెండు రోజుల ఫొటోలు వేసి పెట్టుకున్నాక, ఆమె కుర్చీ వెనక నిలబడి వంగి జల్లెడ కొట్టింది తనే. ఆ వరస ఉండి ఉంటే ఆ రోజే అడిగేది.

"గిరీ, మన పక్క ఏమన్నా తప్పు ఉండాదా?" అన్నాడు రఘునాథ్.

గిరిప్రసాద్ తెర మీది పట్టికను కిందికి జరిపాడు. పద్నాలుగో వరస పైకి పోయి కనపడకుండా అయింది.

"చూడాల అన్నా," అన్నాడు.

కృపామణి అతని వైపు చూసింది. అతను తెర వైపు చూశాడు. ఆ గదిలో ఫ్యాను తిరిగేటప్పుడు ఒకచోట చిన్నగా తగులుతుంది. అది ఎన్నిసార్లు తగిలిందో అతనికి తెలిసింది.

రఘునాథ్ గొంతు పెంచలేదు. ఈ సంగతి తేలేదాకా నువ్వు రావద్దులేమ్మా, నేను కబురు పెడతాను అన్నాడు. ఆమె సరే సార్ అని తన బల్ల దగ్గరికి పోయింది. కీబోర్డు తుడిచే గుడ్డతో కీబోర్డు తుడిచింది. గుడ్డ మడిచి సొరుగులో పెట్టింది. మెడలో ఉన్న ఆఫీసు కార్డు తీసి దాని మీద పెట్టి సొరుగు మూసింది. అన్నం డబ్బా సంచిలో వేసుకుని, చెప్పులు వేసుకునేటప్పుడు గోడ పట్టుకుంది. మెట్లు దిగిన చప్పుడు మామూలుగానే ఉంది.

గురువారమంతా గిరిప్రసాద్ కోమలి ల్యాప్‌టాపు తీసుకుని కూర్చున్నాడు. తుడిచేసిన డిస్కులోంచి పాతవి వెతికి తీసే ప్రోగ్రాములు ఉంటాయి. రెండు రకాలు వేసి చూశాడు. కోమలి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, తనేమైనా తప్పు చేసిందా అని ఒకసారి అడిగింది. లేదన్నాడు. మధ్యాహ్నానికి ఏడు ఫొటోలు లేచి వచ్చాయి. ఒకదాంట్లో సగం చెయ్యి, మిగతా సగం బూడిదరంగు. ఒకదాంట్లో గుడ్డ పేలిక పట్టుకున్న ముసలి వేళ్లు, మణికట్టు దాకానే. తక్కినవి ఏమిటో తెలియలేదు. ఆ వేళ్లను పెద్దవి చేసి చూశాడు. బొటనవేలి గోటికి ఆకు పసరు పట్టి నల్లగా ఉంది.

సాయంత్రం రఘునాథ్ వచ్చి, వరదమ్మకు ఒక ఉత్తరం రాయమన్నాడు. పెద్దింటి వాళ్లు, ఫోనులో చెబితే బాగుండదు, కాగితం మీద రాసి శనివారం నువ్వే పోయి ఇచ్చి రా అన్నాడు. ఏం రాయాలో కూడా చెప్పాడు. మా ఉద్యోగిని నిర్లక్ష్యం వల్ల ఫొటోలు భద్రపడలేదు, ఆమెను పనిలోంచి తొలగించాము, చింతిస్తున్నాము.

గిరిప్రసాద్ రాశాడు. మూడు వాక్యాలకు గంట పట్టింది. నిర్లక్ష్యం అన్న మాట కొట్టేసి పొరపాటు అని పెట్టాడు. తొలగించాము అన్నదాన్ని పక్కన పెట్టాము అని మార్చాడు. చదువుకుంటే మెత్తగా ఉంది. ఆమెకు ఏదో కొంత మేలు చేసినట్టు కూడా అనిపించింది. ఆ అనిపించిన సంగతి అతనికి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

శుక్రవారం పొద్దున రఘునాథ్ ఒక్కడే ఉన్నప్పుడు పోయి నిలబడ్డాడు. అన్నా, ఆ పిల్ల ఎక్కించిందనే నాకు అనిపిస్తా ఉంది అన్నాడు. పట్టికలో ఒక వరస వల్ల పోయి ఉండొచ్చు అన్నాడు. పోయి ఉండొచ్చు అన్నాడే కానీ పోయింది అనలేదు. ఆ వరస ఎవరు పెట్టారో చెప్పలేదు.

రఘునాథ్ పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. ఆయనకు కంప్యూటరు పని బాగా తెలుసు.

"నీ జల్లెడ పేరు చెప్పుకుని మనకు రెండు పనులు వచ్చినాయి," అన్నాడు. "అది పోతే ఆరుమందిమీ పోతాము. ఆ పిల్ల పేరు చెప్తే ఆ పిల్ల ఒక్కటే గదప్పా. యాడన్నా మళ్లీ నెట్ సెంటరులో చేరుతుంది."

గిరిప్రసాద్ తన బల్ల దగ్గరికి వచ్చి ఉత్తరం ప్రింటు తీశాడు. రఘునాథ్ సంతకం పెట్టి, కవరు అంటించేటప్పుడు గమ్ము రవంత ఎక్కువైతే వేలితో తుడిచాడు.

శనివారం పుత్తూరు బస్సు దిగేసరికి పది గంటలైంది. ఏకాంబరం ఇంటి వాకిట్లో రేకుల పందిరి, దాని కింద రెండు బెంచీలు. ఎప్పుడు పోయినా ఇరవై ముప్ఫై మంది ఉండే చోటు. ఇప్పుడు రోగులు ఒక్కరూ లేరు. బెంచీల మీద ఉతికిన గుడ్డ పేలికలు ఆరేసి ఉన్నాయి.

పందిరి కింద నేల మీద కృపామణి కూర్చుని ఉంది. ఆరిన పేలికలను మోకాలి మీద పెట్టి చుట్టలు చుడుతోంది. పక్కన ఆమె సొంత ఫోను గోడకు ఆనించి ఉంది. గిరిప్రసాద్‌ను చూసి లేచి నిలబడింది.

నువ్వు ఇక్కడున్నావేంది అని అడగబోయి, అడిగే హక్కు తనకు లేదని ఆగిపోయాడు. వరదమ్మ లోపలి నుంచి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. చేతులకు గుడ్డు సొన అంటి ఉంది. రాప్పా కూర్చో అని బెంచీ మీది పేలికలు పక్కకు తీసింది. ఈ పిల్ల మొన్ననే వచ్చి బొమ్మలు పోయినాయని చెప్పింది అంది. ఎట్లా పోయాయో చెప్పిందా అని గిరిప్రసాద్ అడిగాడు. ఆఫీసులో పోయినాయంది, అంతే, నేనూ అడగలేదు అంది వరదమ్మ.

"బుధవారం వచ్చిన బిడ్డను తిరపతి పెద్దాసుపత్రికి తీసుకపొమ్మని చెప్తిమి," అంది. "ఆయమ్మ పొయ్యేదాకా మా నాయన మంచం మీద నుంచి సూస్తానే ఉన్నాడు. ఆయన ఉండి గూడా బిడ్డను తిప్పి పంపించేది ఈ వాకిట్లో ఇదే మొదలు."

మంచినీళ్లు తెస్తానని లోపలికి పోయింది.

గిరిప్రసాద్ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కృపామణి మళ్లీ కింద కూర్చుని పేలిక అందుకుంది.

"తప్పు పట్టికలో ఉందమ్మా," అన్నాడు. "డౌన్‌లోడ్స్ అని ఒక వరస. నేను చూసినాను. నువ్వు సరిగ్గానే చేసినావు."

"పద్నాలుగో వరస," అంది కృపామణి.

అతను తలెత్తాడు.

"నాకు తెలుసు సార్. నాలుగో దినమే సూసినాను. ఫొటోల పేరు రాలేదే, జాబితా పేరు ఒక్కటే వస్తా ఉండాదే అని. మీకు రాసినాను గదా. తప్పుల పట్టీలో నలభై ఒకటో నంబరు. సూడండి."

ఆఫీసులో ఎవరికి ఏ తప్పు కనపడినా ఒక పట్టీలో రాయాలి. దానికో నంబరు వస్తుంది. సరిచేసే పని గిరిప్రసాద్‌ది. అతను ఫోను తీసి ఆ పట్టీ తెరిచాడు. నలభై ఒకటి. రాసింది కృపామణి. నేను పెట్టిన ఫొటోల ఫోల్డరు ఎక్కేవాటిలో కనపడటం లేదు, డౌన్‌లోడ్స్ అనే పేరు పట్టికలో ఉంది, దాని వల్లనేమో చూడగలరు. కింద జవాబు. తప్పేమీ లేదు, పట్టించుకోవద్దు. దాని కింద గిరిప్రసాద్ పేరు, తేదీ, సమయం. ఆ రోజు నిమిషానికొకటి చొప్పున పదకొండు మూసేశాడు. ఇది ఏడోది. చదివిన గుర్తు కూడా లేదు.

"సార్ చెప్పినారు, సార్ చేసిన ప్రోగ్రామే, సార్‌కు తెలీదా అనుకున్నా," అంది ఆమె. పేలిక చుట్ట అంచు పళ్లతో పట్టి ముడి వేసింది. "బుధవారం రఘు సార్ అడిగినప్పుడు మీ మొకమే సూస్తా ఉన్నా. మీరు కిందికి జరిపినారు."

గిరిప్రసాద్ దాచిపెట్టాననుకున్నది, దాచేటప్పుడే ఆమె చూసింది. మూడు రోజులుగా తను ఒక్కడే మోస్తున్నాననుకున్న దాన్ని ఆమె మొదటి నుంచీ మోస్తోంది. మోస్తూ ఇక్కడికి వచ్చి గుడ్డలు చుడుతోంది.

"అప్పుడే చెప్పి ఉంటే..."

"మీరుండంగా నేను చెప్పేదేంది సార్."

ఆమె కళ్లు అతని సంచి మీద ఉన్నాయి. కవరు సగం బయటికి వచ్చి ఉంది. నాకా, వరదమ్మక్కకా అని అడిగింది. అతను తీసి ఇచ్చాడు. ఇవ్వకుండా ఉండే దారి కనపడలేదు. ఆమె గమ్ము అంటిన చోట జాగ్రత్తగా విప్పి, ఉన్న మూడు వాక్యాలు నిదానంగా చదివింది.

"పొరపాటు అని పెట్టినారు," అంది. "ఈ మాట మీదే గదా సార్. రఘు సార్‌కు ఇంత మంచి మాట రాదు."

కాగితం మడతల మీదే మడిచి కవరులో పెట్టి తిరిగి ఇచ్చింది.

వరదమ్మ నీళ్లు తెచ్చింది. గిరిప్రసాద్ చెంబు అందుకోకుండా లేచి, పెద్దాయనతో మాట్లాడాలి అన్నాడు. లోపల గదిలో కిటికీ పక్కన మంచం. ఏకాంబరం దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. కుడిచెయ్యి దుప్పటి మీద ఎవరిదో తెచ్చి పెట్టినట్టు ఉంది. మూతి ఒకపక్కకు లాగి ఉంది కానీ కళ్లు చురుగ్గా ఉన్నాయి. గిరిప్రసాద్ నిలబడే చెప్పాడు. జల్లెడ సంగతి చెప్పాడు, తీసేసిన వరస సంగతి చెప్పాడు, ఈ పిల్ల రాసింది చదవకుండా మూసేసిన సంగతి చెప్పాడు, బుధవారం నోరు మెదపని సంగతి చెప్పాడు. చెప్పేది మొదలుపెట్టాక ఆపడం తెలియలేదు. గిట్ అంటే ఏమిటో వాళ్లకు అర్థమైందో లేదో తెలియలేదు. చివరికి సంచిలోంచి కవరు తీసి మంచం కోడు దగ్గర పెట్టి, ఇందులో రాసింది నిజం కాదు అన్నాడు.

వరదమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ తండ్రి వైపు చూసింది. ఏకాంబరం ఎడమచెయ్యి ఎత్తి, వేళ్లు రెండుసార్లు ముడిచి తెరిచాడు. ఏదో అన్నాడు. గిరిప్రసాద్‌కు ఒక్క అక్షరం అర్థం కాలేదు.

"చెయ్యి ఇమ్మంటా ఉండాడు తాత," అంది వాకిలి దగ్గరి నుంచి కృపామణి. "నొప్పి లేని చెయ్యి గావల్నని పొద్దున్నించీ అంటా ఉండాడు. నొప్పితో వచ్చినోళ్ల చేతికి పదిసార్లు కట్టి ఇప్పలేము గదా."

గిరిప్రసాద్ చొక్కా చేయి మడిచి కుడిచెయ్యి చాపాడు.

సాయంత్రం దాకా అదే పని. వరదమ్మ నేల మీద కూర్చుంది. ఆమె ఎప్పుడూ కట్టు కట్టలేదు. చిన్నప్పటి నుంచీ ఆకు నూరడం, గుడ్డ చింపడం, వెదురు బద్దలు చెక్కడం మాత్రమే చేసింది. ఇప్పుడు తండ్రి ఎడమచేతి వేళ్లు ఆమె మణికట్టు మీద ఉన్నాయి. ఒకసారి తడితే వదులు చెయ్యాలి, రెండుసార్లు తడితే బిగించాలి. గుడ్డు సొనలో కలిపిన పసరు చల్లగా పూసింది. మూడు వేళ్ల వెడల్పు పేలిక, దాని మీద బద్దలు, దాని మీద మళ్లీ పేలిక. ముసలాయన గొంతులోంచి ఏదో వస్తుంది. వరదమ్మ ఆగిపోతుంది. అప్పుడు కృపామణి ఫోను దించి, బొటనేలి కింద రెండు సుట్లు రావల్నంట అక్కా, ఆ బద్ద అంత పైకి వద్దంట అని చెబుతుంది. నలభై రోజులు చూసిన పిల్ల. ఆయన మాటకు ముందు భుజం కదలడం బట్టే ఏ కట్టో చెప్పగలుగుతోంది. మోచేయి, ముంజేయి, మణికట్టు. కట్టడం, ఫొటో తీయడం, విప్పడం. ప్రతి ఫొటో తీశాక కృపామణి దాన్ని వరదమ్మ కొడుకు ఫోనుకూ, తన మెయిలుకూ రెండు చోట్లకీ పంపి, చేరిందా అని అడిగి, చేరిందన్నాకనే తర్వాతది తీసింది. గిరిప్రసాద్ చూస్తూ ఉన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

పన్నెండు కట్లు అయ్యాయి. చివరిది ముంజేతి కట్టు. అది విప్పుతారని అతను చెయ్యి చాపే ఉంచాడు. ఏకాంబరం తల అడ్డంగా ఊపాడు.

"అది ఇప్పేది కాదప్పా," అంది వరదమ్మ. "ఆరినాక ఎట్ల ఉంటుందో, వేళ్లు వాస్తాయో లేదో సూడల. మంగళవారం రా. నువ్వు ఇప్పుకోవద్దు. కట్టినోళ్లే ఇప్పల."

తిరుపతి బస్సు కిక్కిరిసి ఉంది. మెడలో వేసిన గుడ్డలో చెయ్యి వేలాడుతుంటే గిరిప్రసాద్ ఒంటిచేత్తో కమ్మీ పట్టుకున్నాడు. రెండో సీటులో ఉన్న పెద్దామె చూసి, పక్కన ఉన్న మనవరాలిని లేపి అతన్ని కూర్చోబెట్టింది. వద్దన్నా వినలేదు.

"పుత్తూరు కట్టేనా? ఎట్ల ఇరిగింది నాయనా?"

విరగలేదు అని చెప్పొచ్చు. చెబితే ఎందుకు కట్టారో చెప్పాలి. బస్సులో నలుగురు తిరిగి చూస్తున్నారు.

"మెట్ల మీద పడినాను," అన్నాడు.

అయ్యో అంది ఆమె. తనకు పోయినేడు కాలు విరిగితే అక్కడే కట్టించుకున్న సంగతి చెప్పింది. ఒళ్లో ఉడకబెట్టిన చెనక్కాయల పొట్లం ఉంది. గుప్పెడు తీసి అతని ఎడమచేతిలో పోసింది. పోశాక, ఒక చేత్తో ఒలుచుకోలేడని తట్టి, మళ్లీ తీసుకుంది. ఒక్కో కాయ వేలితో నొక్కి, ఒలిచి, పలుకులు అతని అరచేతిలో పెట్టసాగింది. అతను తిన్నాడు. వేడిగా, ఉప్పగా ఉన్నాయి. వడమాలపేట దాటే దాకా ఆమె ఒలుస్తూనే ఉంది. రేణిగుంటలో దిగేటప్పుడు మిగిలిన పలుకులు అతని చొక్కా జేబులో పోసి, పైలంగా ఉండు నాయనా అని పోయింది. ఆమెకు అతను నిజం చెప్పలేదు. చెప్పాలనుకునే లోపల బస్సు కదిలింది.

ఆదివారం అతను గది దాటి బయటికి రాలేదు.

సోమవారం ఆఫీసు మెట్లెక్కేటప్పుడే స్టీలు అంగడి వాళ్లు చేతికేమైందని అడిగారు. లోపలికి పోగానే అందరూ లేచి చుట్టూ చేరారు. కోమలి అతని సంచి అందుకుంది. రఘునాథ్ తన గదిలోంచి వచ్చి కట్టు చూసి, పుత్తూరులోనే యాడన్నా పడినావా అన్నాడు. గొంతులో నిజమైన కంగారు ఉంది. "ఎట్ల ఇరిగిందప్పా?"

"ఇరగలేదు అన్నా," అన్నాడు గిరిప్రసాద్.

కట్టు ఎందుకు కట్టారో చెప్పాడు. శనివారం లోపలి గదిలో చెప్పినంత పొడుగ్గా చెప్పలేదు. పద్నాలుగో వరస తనది, తీసేసిన వరస తనది, నలభై ఒకటో నంబరు చదవకుండా మూసింది తను. కృపామణి ఏ తప్పూ చేయలేదు. బుధవారం అడిగినప్పుడు నాకు తెలుసు, చెప్పలేదు. అంతే. ఫ్యాను ఒకచోట తగులుతూ తిరుగుతోంది. రఘునాథ్ ముఖం మొదట ఎర్రబడింది. తర్వాత అతని కట్టు వైపు, మెడలోని గుడ్డ వైపు చూశాడు. చూసిన వాళ్లంతా అడుగుతారు, అడిగిన ప్రతివాడికీ ఇతను చెబుతాడు అన్నది ఆయనకు అర్థమైంది.

"ఆ పిల్లను రేపటి నుంచి రమ్మని చెప్పు," అని లోపలికి పోయాడు.

గిరిప్రసాద్ ఫోను చేశాడు. కృపామణి పూర్తిగా విన్నది. చూస్తాను సార్, తాతవి ఇంకా పద్నాలుగు కట్లు ఉండాయి, అవి అయినాక చెప్తాను అంది. రేపు మంగళవారం, కట్టు ఇప్పేదానికి పొద్దున్నే రండి అని పెట్టేసింది.

ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నలభై ఒకటో నంబరు తిరిగి తెరిచాడు. తప్పు ఉంది, రాసినావిడ చెప్పినదే సరి అని రాశాడు. తర్వాత జల్లెడ తెరిచి, తీసేసిన వరస తిరిగి పెట్టాడు. రెండు చేతులతో అయితే రెండు నిమిషాల పని. మధ్యాహ్నం అన్నాల వేళ దాకా పట్టింది. ఎవరెవరో రాసిన సలహాలతో ఇన్నాళ్లుగా జల్లెడ తెర మీద చూపించే స్వాగతం, ధన్యవాదాల్లాంటి మర్యాద మాటలన్నీ తీసేసి, ఆ ఒక్క ప్రశ్న అందరికీ కనపడేటట్టు పెట్టాడు.

మూడు గంటలప్పుడు కోమలి కొత్త పని ఒకటి మొదలుపెట్టింది. జల్లెడ అని కొట్టి, ఎంటర్ నొక్కి, ఆగింది.

"సార్, ఇదేందో అడుగుతా ఉండాది. ఎప్పుడూ అడగలేదే. ముందుకు పోనీయమంటారా?"

గిరిప్రసాద్ లేచి, చేతిని ఛాతీకి ఆనించి పట్టుకుని, ఆమె కుర్చీ వెనకకు పోయి నిలబడ్డాడు. తెర మీద నాలుగు ఫోల్డర్ల పేర్లున్నాయి. ఒక్కోదాని పక్కన ఎన్ని ఫైళ్లున్నాయో ఉంది.

"ఒక్కోటి పైకి చదువు," అన్నాడు. "నేను వింటాను."